వరద లెక్క, నీటి లెక్క ఒకే పద్దులో: నదీ పరీవాహక ప్రణాళిక తయారుచేసే విధానం

నదీ పరీవాహక ప్రాంతాలకు రాసే ప్రణాళికల్లో తరచుగా కనిపించే లోపం ఒకటుంది. వరద నియంత్రణకు ఒక నివేదిక, సాగునీటికీ తాగునీటికీ మరో నివేదిక విడివిడిగా తయారవుతాయి. రెండింటిలోనూ ఉన్నది ఒకే నది అయినా, మొదటి నివేదిక జలాశయం ఖాళీగా ఉంటుందని, రెండోది అదే జలాశయం అదే నెలలో నిండుగా ఉంటుందని అనుకుని లెక్కలు వేస్తాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య చేసిన సిఫార్సు ఈ రెండు లెక్కలనూ ఒకచోటికి తెచ్చింది. నగరానికి ఎగువన వరదను పట్టి ఉంచే జలాశయాలు కట్టాలని ఆయన సూచించారు. 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్ వరదను ఆపడానికే పరిమితం కాకుండా దశాబ్దాల పాటు నగరానికి తాగునీరు ఇచ్చాయి. ఇక్కడ వివరించే పద్ధతి కూడా అదే బాటలో నడుస్తుంది. ఏ పని తలపెట్టినా, ఏ అంకె రాసినా, ఆ నీరు ఎప్పుడు ఎక్కడికి చేరుతుందో ముందుగా తేల్చుకోవాలి.

హద్దులు గీయడం

ప్రణాళికకు హద్దు జిల్లా సరిహద్దో రాష్ట్ర సరిహద్దో కాదు, వాన నీరు ఏ గట్టుకు అటు, ఏ గట్టుకు ఇటు పారుతుందో ఆ గట్టే. మొత్తం పరీవాహక ప్రాంతాన్ని ఉపనదులు కలిసే చోట్ల, ప్రవాహాన్ని కొలిచే కేంద్రాల వద్ద, ఆనకట్టల వద్ద ముక్కలుగా విడగొట్టాలి. ఒక్కో ముక్కకు విస్తీర్ణం, వాలు, నేల స్వభావం, సాగు, అడవి, ఊళ్ల వివరాలు రాసుకోవాలి. ఉపగ్రహాల ఆధారంగా తయారైన ఎత్తుల పటాలు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి కాబట్టి కొండ ప్రాంతాల్లో ఈ పని సులువే. డెల్టాలో మాత్రం ఆ పటాలను నమ్ముకోకూడదు. నేల కిలోమీటరుకు కొన్ని అంగుళాలే వాలి ఉండే చోట, కొన్ని మీటర్ల తేడా రాగల పటం నీరు ఎటు పోతుందో చెప్పలేదు. అక్కడ క్షేత్ర సర్వే తప్పదు.

పటంలో కనిపించని హద్దులు ఇంకా ఉంటాయి. రైలు కట్ట, ఎత్తు చేసిన రహదారి, అడ్డంగా వెళ్లే ప్రధాన కాలువ, పూడిపోయిన తూము, వీటిలో ప్రతి ఒక్కటీ వరద సమయంలో ఒక చిన్న ఆనకట్టలా పనిచేస్తుంది. వీటన్నిటినీ నడిచి చూసి, కల్వర్టుల కొలతలు తీసుకుని, గత వరద ఏ గోడ మీద ఎంత ఎత్తున గుర్తు వదిలిందో స్థానికులను అడిగి, ఆ గుర్తు సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉందో లెక్కగట్టాలి. ఇలాంటి పది గుర్తులు చేతిలో ఉంటే, తరువాత కంప్యూటర్‌లో తయారుచేసే నమూనా నిజం చెబుతోందో లేదో తేల్చడానికి అవే సాక్ష్యం.

సమాచారం, కొలతలు

వర్షపాతం, నదీ మట్టం, ప్రవాహం, బాష్పీభవనం, భూగర్భ జల మట్టం, పూడిక, ఈ ఆరింటికీ వీలైనంత సుదీర్ఘమైన రికార్డు సేకరించాలి. కనీసం ముప్పై సంవత్సరాలైనా లేకపోతే అరుదైన సంఘటనల గురించి చెప్పే మాటకు బలం ఉండదు. సేకరించిన తరువాత చేయాల్సిన పనికి చాలామంది తగినంత సమయం ఇవ్వరు. ఎగువన ఆనకట్ట కట్టక ముందు, కట్టిన తరువాత కొలిచిన ప్రవాహాలు ఒకే నదివి కావు. వాటిని కలిపి ఒకే వరుసగా చూపితే సగటు, గరిష్ఠం రెండూ తప్పుతాయి. అందుకే ఎగువన ఆపిన నీటిని, మళ్లించిన నీటిని తిరిగి కలిపి సహజ ప్రవాహాన్ని లెక్కగట్టాలి.

నది మట్టాన్ని కొలవడం తేలిక, ప్రవాహాన్ని కొలవడం కష్టం. సాధారణంగా మట్టానికీ ప్రవాహానికీ మధ్య సంబంధాన్ని చూపే పట్టికను వాడి మట్టం నుంచి ప్రవాహాన్ని రాబడతారు. ఆ పట్టిక కోసం నీటి వేగాన్ని కొలిచే కరెంట్ మీటర్‌తో తీసుకున్న కొలతలు ఎక్కువగా మామూలు ప్రవాహాలవే కాబట్టి, పెద్ద వరద రోజున నమోదైన అంకె చాలాసార్లు కొలిచినది కాదు, గీతను పైకి పొడిగించి ఊహించినది. పైగా ఆ పట్టిక నది అడుగు కోసుకుపోయినా, మేట వేసినా మారిపోతుంది. కాబట్టి ప్రతి పెద్ద వరద అంకె పక్కన అది కొలిచినదా, అంచనా వేసినదా అన్నది రాసుకోవాలి.

కొలమానాల మార్పిడి మనసులోనే జరగాలి. చదరపు కిలోమీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది వెయ్యి ఘనపు మీటర్ల నీరు. వెయ్యి చదరపు కిలోమీటర్ల మీద 100 మిల్లీమీటర్ల వాన పడి అందులో సగం నదిలోకి వస్తే అది 5 కోట్ల ఘనపు మీటర్లు, అంటే దాదాపు 1.77 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు). క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు అడుగు; లక్ష క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా కొనసాగితే 8.64 టీఎంసీల నీరు దిగువకు పోతుంది. సమావేశాల్లో వినిపించే అతిశయోక్తులను ఈ రెండు మూడు లెక్కలతోనే అక్కడికక్కడ పరీక్షించవచ్చు.

వరద అంచనా

ప్రతి సంవత్సరంలోనూ నమోదైన అత్యధిక ప్రవాహాన్ని తీసి, పెద్దది మొదలు చిన్నది వరకు వరుసలో పెట్టాలి. రికార్డులోని సంవత్సరాల సంఖ్యకు ఒకటి కలిపి, వరుస సంఖ్యతో భాగిస్తే ఆ వరద పునరావృత కాలం, అంటే అంత వరద సగటున ఎన్నేళ్లకోసారి వస్తుందన్నది తేలుతుంది. నలభై ఏళ్ల రికార్డులో మొదటి స్థానంలో ఉన్న వరదకు అది 41 సంవత్సరాలు, రెండో స్థానంలో ఉన్నదానికి ఇరవైన్నర సంవత్సరాలు. దీనికి గంబెల్, లాగ్ పియర్సన్ మూడో రకం అనే గణాంక పద్ధతుల్లో ఏదో ఒకదానితో ఒక గీతను సరిపెట్టి, యాభై ఏళ్ల, వందేళ్ల వరదలను అంచనా వేస్తారు. ముప్పై ఏళ్ల రికార్డుతో వెయ్యేళ్ల వరదను దశాంశ స్థానాలతో సహా చెప్పే నివేదికలను నేను అనుమానంతోనే చదువుతాను. అక్కడ అంకెకు ఉన్న కచ్చితత్వం గీతది, నదిది కాదు.

వందేళ్ల వరద అన్న మాటను ప్రజలకు వివరించడంలో జాగ్రత్త అవసరం. అది వందేళ్లకు ఒకసారి వస్తుందని కాదు, ఏ సంవత్సరంలోనైనా నూటికి ఒక వంతు అవకాశంతో రాగలదని అర్థం. ఆ లెక్కన ముప్పై ఏళ్ల కాలంలో అది కనీసం ఒకసారి రావడానికి 26 శాతం, యాభై ఏళ్లలో దాదాపు 40 శాతం అవకాశం ఉంది. నిరుడే వచ్చింది కాబట్టి ఇప్పట్లో రాదన్న ధైర్యానికి ఈ లెక్కలో చోటు లేదు.

ప్రవాహ రికార్డు లేని చిన్న వాగులకు హేతుబద్ధ సూత్రం పనికొస్తుంది. ప్రవాహ గుణకాన్ని (పడిన వానలో ఎంత వంతు పారుతుందో చూపే అంకె), గంటకు మిల్లీమీటర్లలో వర్ష తీవ్రతను, చదరపు కిలోమీటర్లలో విస్తీర్ణాన్ని గుణించి 3.6తో భాగించాలి. గుణకం 0.5, తీవ్రత 36 మిల్లీమీటర్లు, విస్తీర్ణం 10 చదరపు కిలోమీటర్లు అయితే సెకనుకు 50 ఘనపు మీటర్లు వస్తుంది. విస్తీర్ణం పెరిగేకొద్దీ వాన అంతటా ఒకేలా పడుతుందన్న ఊహ చెల్లదు కాబట్టి, పెద్ద పరీవాహకాలకు 1932లో షెర్మన్ ప్రతిపాదించిన యూనిట్ హైడ్రోగ్రాఫ్‌ను (నిర్ణీత పరిమాణంలో పారే వాన నీరు గంటగంటకూ నదిలోకి ఎలా చేరుతుందో చూపే గీత), నదిలో ప్రవాహం కదిలే తీరుకు మస్కింగమ్ పద్ధతిని వాడతారు.

ఏ కట్టడానికి ఏ వరదను ప్రమాణంగా తీసుకోవాలన్నది ఇంజనీరు ఇష్టానికి వదిలేసిన విషయం కాదు. భారతీయ ప్రమాణాల ప్రకారం, ఆరు కోట్ల ఘనపు మీటర్లకు మించి నిల్వచేసే ఆనకట్ట స్పిల్‌వేను (మిగులు నీటిని బయటికి వదిలే భాగాన్ని) సంభావ్య గరిష్ఠ వరదకు, అంటే అక్కడ రాగల అతిపెద్ద వరదకు రూపొందించాలి. కోటి నుంచి ఆరు కోట్ల వరకైతే ప్రామాణిక ప్రాజెక్టు వరదకు (ఆ ప్రాంతానికి సహజమైన తీవ్ర వానల వల్ల వచ్చేదానికి), అంతకంటే చిన్నదైతే వందేళ్ల వరదకు రూపొందించాలి. పొలాలను కాపాడే కరకట్టకు పాతికేళ్ల వరద, పట్టణాన్ని కాపాడేదానికి వందేళ్ల వరద ప్రమాణం. ఇంత చేసినా అంకె శాశ్వతం కాదు. దాదాపు 19 లక్షల క్యూసెక్కులకు రూపొందించిన శ్రీశైలం స్పిల్‌వేకు 2009 అక్టోబరులో దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఆనకట్ట తట్టుకుంది గానీ, ఎగువన కర్నూలు మునిగింది. స్పిల్‌వే సామర్థ్యంతో పాటు, జలాశయం పొంగినప్పుడు వెనుకకు ఎగదన్నే నీరు ఏ ఊళ్లకు చేరుతుందో కూడా లెక్కలో ఉండాలి.

ఏడాది పొడవునా నీటి పద్దు

సగటు దిగుబడి మీద ప్రణాళిక వేస్తే ప్రతి రెండేళ్లలో దాదాపు ఒక ఏడు లోటు తప్పదు. అందుకే నమ్మదగిన దిగుబడి అన్న భావన వచ్చింది. వార్షిక ప్రవాహాలను పెద్దది మొదలు చిన్నదాకా పేర్చి, నూటికి డెబ్బై ఐదు సంవత్సరాల్లో అందే పరిమాణాన్ని తీసుకుంటారు. రాష్ట్రాల మధ్య జల వివాదాన్ని విచారించిన బచావత్ ట్రైబ్యునల్ కృష్ణా జలాలను పంచినప్పుడు వాడిన 2060 టీఎంసీల అంకె ఇలా వచ్చినదే. తాగునీటికి మాత్రం డెబ్బై ఐదు శాతం చాలదు, అంతకంటే చాలా ఎక్కువ నమ్మకం కావాలి. నాలుగేళ్లకు ఒకసారి పంట విరామం ప్రకటించవచ్చు, దాహానికి విరామం ప్రకటించలేం.

వార్షిక మొత్తం ఒక్కటే చూస్తే మోసపోతాం. పద్దు నెలవారీగా, వీలైతే పది రోజులకొకసారి రాయాలి. ఒక పక్క వచ్చే నీరు, మరో పక్క తాగునీరు, ఆయకట్టు, పరిశ్రమలు, విద్యుత్తు, నదిలో జీవం నిలవడానికి వదలాల్సిన కనీస ప్రవాహం, బాష్పీభవన నష్టం, కాలువల్లో ఇంకిపోయే నీరు ఉండాలి. ఆయకట్టు నుంచి తిరిగి నదిలో కలిసే నీటిని దిగువ ప్రాంతానికి రాబడిగా రాయవచ్చు గానీ, దాన్నే ఎగువన పొదుపుగా రెండోసారి చూపకూడదు. భూగర్భ జలం విషయంలో ఈ తప్పు ఇంకా ఎక్కువ. వేసవిలో నదిలో పారే సన్నని ధార చాలావరకు భూమిలోంచి ఊరే నీరే కాబట్టి, బావుల ద్వారా తోడే నీటినీ నదిలోని ఆ ధారనూ వేర్వేరు వనరులుగా కూడితే ఉన్న నీటిని రెండుసార్లు పంచినట్టే అవుతుంది.

జలాశయం: ఖాళీ ఎంత, నిండుదనం ఎంత

ఈ ప్రణాళికలో కీలకమైన భాగం ఇదే. వరదను ఆపాలంటే జలాశయంలో ఖాళీ ఉండాలి, వేసవిని దాటాలంటే నిండి ఉండాలి. ఈ వైరుధ్యాన్ని తీర్చే సాధనం రూల్ కర్వ్, అంటే ఏ తేదీకి నీటిమట్టం ఎంతకు మించకూడదో, ఎంతకు తగ్గకూడదో చూపే గీత. వర్షాకాలం మొదట్లో ఎక్కువ ఖాళీ ఉంచి, పెద్ద వరదల అవకాశం తగ్గేకొద్దీ మట్టాన్ని మెల్లగా పెంచి, వర్షాలు ముగిసేనాటికి పూర్తిస్థాయి నీటిమట్టానికి చేర్చడం దీని సూత్రం. చివరి వారాల్లో రావాల్సిన వాన రాకపోతే జలాశయం నిండదన్న భయంతో నిర్వాహకులు ముందే నింపేస్తారు. ఆ భయం సహజమే కాబట్టి గీతను ఉపదేశంగా కాక, గత ముప్పై నలభై సంవత్సరాల ప్రవాహాలతో నడిపి చూపి, ఎన్ని సంవత్సరాల్లో నిండలేదో, ఎన్ని సంవత్సరాల్లో దిగువ మునిగిందో పక్కపక్కన పెట్టాలి.

ఖాళీ విలువ ఎంతో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. జలాశయానికి 36 గంటల పాటు 6 లక్షల క్యూసెక్కుల వరద వస్తుందనీ, దిగువ కరకట్టలు 4 లక్షలను మాత్రమే భద్రంగా మోయగలవనీ అనుకుందాం. మిగిలిన 2 లక్షల క్యూసెక్కులను 36 గంటలు ఆపాలంటే దాదాపు 26 టీఎంసీల ఖాళీ కావాలి. ఉన్న ఖాళీ 12 టీఎంసీలే అయితే అది పదిహేడు గంటలలోపే నిండిపోతుంది. ఆ తరువాత వచ్చిన 6 లక్షలనూ వచ్చినట్టే వదలక తప్పదు. అదే వరదకు ముందు నదిలో లక్ష క్యూసెక్కులు వస్తున్న సమయంలోనే 4 లక్షలు వదిలితే జలాశయం నికరంగా 3 లక్షల చొప్పున ఖాళీ అవుతుంది, తక్కువ పడిన 14 టీఎంసీలు దాదాపు 13 గంటల్లో సమకూరుతాయి. అంటే ఇక్కడ 13 గంటల ముందస్తు సమాచారం 14 టీఎంసీల జలాశయంతో సమానం. వర్షమాపకాలకు, టెలిమెట్రీకి (కొలతలను దూరం నుంచే వెంటనే పంపే ఏర్పాటుకు) డబ్బు అడిగే ఇంజనీరు ఈ లెక్కను మొదటి పేజీలో పెట్టాలి.

ముందస్తు విడుదలలో ఒక ప్రమాదం ఉంది. దిగువన కలిసే ఉపనది గరిష్ఠ ప్రవాహమూ, ఆనకట్ట నుంచి వదిలిన నీరూ ఒకే సమయానికి ఒకే చోటికి చేరితే, వరదను తగ్గించబోయి పెంచినవారమవుతాం. అందుకే ఒక్కో జలాశయానికి కాక, నది మీద ఉన్న అన్ని జలాశయాలకూ కలిపి, నీటి ప్రయాణ కాలాలతో సహా ఒకే నిర్వహణ పట్టిక ఉండాలి. నది రెండు మూడు రాష్ట్రాల గుండా పారేచోట ఇది సాంకేతిక సమస్యగా కంటే ఒప్పందాల సమస్యగా ఎదురవుతుంది. గంటగంటకూ ప్రవాహ సమాచారం పంచుకునే ఏర్పాటును వాటాల తగాదా నుంచి విడదీసి, ముందుగానే రాతపూర్వకంగా కుదుర్చుకోవడం మేలు.

కరకట్టలు, నదికి చోటు

కరకట్ట వరదను మాయం చేయదు, పక్కకు పరుచుకోవాల్సిన నీటిని ఎత్తుగా, వేగంగా దిగువకు పంపుతుంది. అమెరికాలో మిస్సిసిపీ నదిని దశాబ్దాల పాటు కట్టలతోనే అదుపు చేయవచ్చని నమ్మారు. 1927 వరద ఆ కట్టలకు చాలాచోట్ల గండ్లు కొట్టాక, 1928 చట్టంతో వరద నీటిని కావాలని పక్కకు వదిలే మార్గాలను కూడా ప్రణాళికలో చేర్చారు. కోసీ నది మరో పాఠం చెబుతుంది. 9.5 లక్షల క్యూసెక్కులకు రూపొందించిన కరకట్టకు 2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా వద్ద గండి పడినప్పుడు నదిలో అందులో ఐదో వంతు ప్రవాహం కూడా లేదు. నీరు పొర్లి కాక, అడుగున కోతకు గురై కట్ట తెగింది. కాబట్టి కట్ట ఎత్తు గురించి చర్చించే సమయంలో సగమైనా దాని నిర్వహణకు కేటాయించాలి. ఎలుక బొరియలు, చెట్ల వేళ్లు, ఊట కారే చోట్లు, నది ఒరుసుకునే వంపులు వర్షాకాలానికి ముందే నడిచి చూడాల్సినవి. కట్ట వెనుక పడిన వాన బయటికి పోయే తూములకు, నది నీరు లోపలికి రాకుండా మూసుకునే తలుపులు పనిచేస్తున్నాయో లేదో చూడాలి. లేకపోతే కట్ట నిలిచినా ఊరు మునుగుతుంది.

వీలున్న చోట కట్టను నది ఒడ్డుకు ఆనించి కాక, వెనక్కి జరిపి కట్టడం మంచిది. నెదర్లాండ్స్‌లో 1993, 1995 వరదల తరువాత ముప్పైకి పైగా చోట్ల నదికి చోటు పెంచే పనులు చేశారు, కట్టను వెనక్కి జరపడం వాటిలో ఒకటి. 1995లో దాదాపు రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించాల్సి వచ్చిన అనుభవం వారిని కట్టలు ఎత్తు చేసే ఆలోచన నుంచి నదికి చోటిచ్చే ఆలోచనకు మళ్లించింది. నైమేఖన్ పట్టణం వద్ద కట్టను 350 మీటర్లు వెనక్కి జరిపి, పక్కన కొత్త పాయ తవ్వారు. మొత్తం పథకం లక్ష్యం రైన్ నది సెకనుకు 15,000 బదులు 16,000 ఘనపు మీటర్లను భద్రంగా మోయడం. ఆ కొద్దిపాటి పెరుగుదల కోసం ఎంత నేల వదులుకోవాల్సి వచ్చిందో గమనిస్తే, వరద మైదానంలో కొత్త నిర్మాణాలకు అనుమతి ఇచ్చేవారు ఎంత ఖరీదైన సంతకం పెడుతున్నారో తెలుస్తుంది.

చెరువులూ పూడికా

గొలుసుకట్టు చెరువులను బాగుచేస్తే వరద ఆగిపోతుందని కొందరు, వాటివల్ల ఏ ఉపయోగమూ లేదని మరికొందరు వాదిస్తారు. చిన్న, మధ్యస్థ వానలకు చెరువులు, అడవులు, ఇంకుడు పనులు ప్రవాహాన్ని గణనీయంగా తగ్గిస్తాయి. రోజుల తరబడి కురిసి నేల తడిసి ముద్దయి, చెరువులన్నీ నిండాక వచ్చే పెద్ద వానకు వాటి ప్రభావం స్వల్పం. పైగా గొలుసులో పైచెరువుకు గండి పడితే ఆ నీటి ఉరవడికి కిందివీ వరుసగా తెగవచ్చు కాబట్టి, మరమ్మతుల్లో అలుగు వెడల్పుకు కట్ట ఎత్తు కంటే ముందు చోటివ్వాలి.

పూడికను మరిచిన జలాశయ ప్రణాళిక పాతికేళ్లు తిరిగేసరికి తప్పుతుంది. 1953లో 133 టీఎంసీలుగా ఉన్న తుంగభద్ర జలాశయ సామర్థ్యం ఇప్పుడు దాదాపు 105 టీఎంసీలు. చైనాలో పసుపు నది మీద 1960లో కట్టిన సాన్‌మెన్‌షియా ఆనకట్ట కొద్ది సంవత్సరాలకే మేటలతో నిండిపోవడంతో, ఒండ్రు బయటికి పోయేలా అడుగు ద్వారాలు తెరిచి పునర్నిర్మించాల్సి వచ్చింది. కాబట్టి నీటి పద్దులో వాడే సామర్థ్యం శంకుస్థాపన నాటిది కాక, తాజా సర్వేలో తేలినది అయి ఉండాలి.

పనుల ఎంపిక, హెచ్చరిక

ప్రతిపాదించిన ప్రతి పనికి ముందు, తరువాత నష్టం ఎంతో లెక్కించాలి. పదేళ్ల, పాతికేళ్ల, వందేళ్ల వరదలకు ఎంత నష్టమో విడివిడిగా అంచనా వేసి, నష్టాన్ని అవకాశానికి ఎదురుగా గీస్తే, ఆ గీత కింది వైశాల్యం సగటు వార్షిక నష్టాన్ని ఇస్తుంది. పని వల్ల ఆ వైశాల్యం ఎంత తగ్గిందో అదే ప్రయోజనం. ఇక్కడ ఒక వరుస తప్పనిసరిగా చేర్చాలి: ఈ పని వల్ల ఎవరికి ముంపు పెరుగుతుంది, ఎంత పెరుగుతుంది, వారికి ఏమిస్తాం అన్నది. ఎడమ గట్టు ఎత్తు పెంచి కుడి గట్టును వదిలేసిన పథకంలో ఈ వరుస ఖాళీగా ఉంటే, లెక్క సగమే చేసినట్టు.

హెచ్చరికలు మట్టాల భాషలో మొదలై వీధుల భాషలో ముగియాలి. భద్రాచలం వద్ద గోదావరికి 43, 48, 53 అడుగుల వద్ద మూడు ప్రమాద హెచ్చరికలు ఉన్నాయి, 1986లో అక్కడ నది 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. ఈ అంకెల పక్కన ఏ అడుగుకు ఏ కాలనీ, ఏ రోడ్డు, ఏ సబ్‌స్టేషన్ మునుగుతుందో పట్టిక ఉంటేనే గ్రామ స్థాయి ఉద్యోగికి అది ఆదేశంలా ఉపయోగపడుతుంది. గేట్ల విషయమూ అంతే ముఖ్యం. 2024 ఆగస్టులో తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు, నిండిన జలాశయంలోంచి నీటిని దిగువకు వదలాల్సి వచ్చింది. ప్రతి గేటునూ వర్షాలకు ముందు పూర్తిగా ఎత్తి దించి చూడడం, విద్యుత్తు పోయినా నడిచేలా జనరేటరు, అదీ లేకపోతే చేతితో ఎత్తే ఏర్పాటు, మరమ్మతు కోసం అడ్డుపెట్టే స్టాప్‌లాగ్ తలుపులు దగ్గరలో ఉంచుకోవడం నిర్వహణ పుస్తకంలో తేదీలతో సహా రాసి ఉండాలి.

ప్రతి పెద్ద వరద తగ్గిన వారం లోపల గుర్తులను సర్వే చేయాలి, నెల లోపల నదీ కోతలను, మట్టం–ప్రవాహ పట్టికను సరిచూడాలి. అంచనా వేసిన గరిష్ఠానికీ వచ్చినదానికీ తేడా ఎంతో, గేటు తెరిచిన సమయానికీ పట్టికలో ఉన్న సమయానికీ తేడా ఎందుకు వచ్చిందో రాసి ప్రణాళికకు జతచేయాలి. ఈ పని అయ్యాకే తరువాతి సంవత్సరపు రూల్ కర్వ్‌ను ఖరారు చేయాలి.